షాదీపూర్ నుంచి విశాఖకు: గగనమార్గాన దూరమెంత? ప్రయాణకాలమెంత?

అండమాన్, నికోబార్ దీవుల రాజధానిలోని షాదీపూర్ నుంచి విశాఖపట్నానికి గగనమార్గాన సరళరేఖలో దూరం సుమారు 1,225 కిలోమీటర్లు. జెట్ విమానానికి ఇది దాదాపు రెండు గంటల ప్రయాణం. దీవులకు ఓడలు నడిచే చెన్నై, కోల్‌కతా, విశాఖ రేవులు మూడింటిలో సరళరేఖ దూరాన్నిబట్టి విశాఖయే దగ్గర. అయినప్పటికీ ఈ దూరాన్ని దాటడానికి ఒకనాడు రెండు గంటలు చాలుతాయి, మరొకనాడు పగలంతా పడుతుంది, ఓడ ఎక్కితే రెండు రోజులు దాటిపోతుంది. దూరం మారదు, ప్రయాణకాలం మాత్రం మారుతూ ఉంటుంది. ఈ తేడా ఎందుకు వస్తుందో, ఎలా లెక్కించుకోవాలో తెలిపేదే ఈ కథనం.

ఊరు, పేరు, తెలుగువారు

పోర్ట్ బ్లెయిర్ నగరానికి శ్రీ విజయపురం అనే కొత్త పేరును కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రకటించింది. వాడుకలో పాత పేరు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ నగరంలోని ఒక పేట షాదీపూర్. షాదీ అంటే పెళ్లి. 1858 మార్చిలో ఇక్కడ ఖైదీల వలస స్థావరం ఏర్పడిన తరువాత, సత్ప్రవర్తనతో కొంత స్వేచ్ఛ పొందిన ఖైదీలకు వివాహం చేసుకుని స్థిరపడే అవకాశం ఇచ్చేవారు. పేట పేరులో ఆనాటి పెళ్లిళ్ల జాడ ఉందని స్థానికులు చెప్పుకుంటారు.

తెలుగు నేలకు, ఈ దీవులకు మధ్య రాకపోకలు కూడా మొదట శిక్షల రూపంలోనే సాగాయి. 1879-80 నాటి రంపా తిరుగుబాటులో పట్టుబడిన వారిలో కొందరిని అండమాన్‌కు పంపారు. 1930లలో కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి ఇక్కడి సెల్యులార్ జైలులో గడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక దారి అదే అయినా ప్రయాణికులు మారారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి కూలికి, చేపల వేటకు, నిర్మాణపు పనులకు, వ్యాపారానికి, ఉద్యోగాలకు కుటుంబాలు తరలివచ్చాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం, అంటే యాభై వేలమంది. వీరిలో అనేకులకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలలో నేటికీ బంధువులున్నారు. కనుక షాదీపూర్ నుంచి విశాఖకు దూరమెంత అన్న ప్రశ్న ఇక్కడి తెలుగు ఇళ్లలో పండుగకు, పెళ్లికి, పరీక్షకు, వైద్యానికి, చావుకబురుకు అవసరమయ్యే ప్రశ్న.

దూరాన్ని ఎలా లెక్కిస్తారు?

భూమి గోళాకారంలో ఉన్నందున రెండు ఊళ్ల మధ్య అతి తక్కువ దూరాన్ని మహావృత్తం వెంబడి కొలుస్తారు. భూకేంద్రం గుండా, ఆ రెండు ఊళ్ల గుండా ఒక తలాన్ని కోస్తే భూమి ఉపరితలం మీద ఏర్పడే వృత్తమే మహావృత్తం. విమానయాన దూరాలకు ఆధారం ఇదే.

చాలా దూరపు ప్రయాణాలలో ఈ మార్గం పటం మీద విచిత్రంగా కనిపిస్తుంది. ఉదాహరణకు హైదరాబాద్ నుంచి అమెరికాలోని షికాగోకు మహావృత్త దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. పటంలో పడమరకు కనిపించే షికాగోకు అతి దగ్గరి దారి ఉత్తరంగా సాగి, సుమారు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరకు, అంటే ధ్రువ ప్రాంతం అంచుల దాకా వెళ్లి దిగుతుంది. విశాఖ, శ్రీ విజయపురం రెండూ భూమధ్యరేఖకు అంత దూరంలో లేవు. వాటి మధ్య దూరం కూడా భూగోళం మొత్తంతో పోల్చితే చిన్నదే. అందువల్ల పటం మీద గీసిన గీతకు, మహావృత్తానికి మధ్య తేడా దాదాపు లేనట్టే.

ఇంతటి దూరాలను ఎవరైనా కాగితం మీద లెక్కించుకోవచ్చు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ విలువ భూమధ్యరేఖ వద్ద అంతే ఉన్నా, పైకి వెళ్లే కొద్దీ తగ్గుతుంది. ఈ రెండు నగరాల నడిమి అక్షాంశం వద్ద అది సుమారు 107 కిలోమీటర్లు.

విశాఖ విమానాశ్రయం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.2 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. శ్రీ విజయపురం విమానాశ్రయం 11.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 92.7 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. అక్షాంశాల తేడా 6.1 డిగ్రీలు, అంటే సుమారు 677 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 9.5 డిగ్రీలు, అంటే సుమారు 1,020 కిలోమీటర్లు. ఇవి లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు అనుకుంటే కర్ణం పొడవు దాదాపు 1,225 కిలోమీటర్లు వస్తుంది. నాటికల్ మైళ్లలో ఇది 660కి కొంచెం పైన. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు.

ముఖ్య నగరాలకు గగన దూరాలు

శ్రీ విజయపురం విమానాశ్రయం నుంచి వివిధ నగరాల విమానాశ్రయాలకు సరళరేఖలో సుమారు దూరాలు ఇవి:

- విశాఖపట్నం: 1,225 కిలోమీటర్లు
- కోల్‌కతా: 1,305 కిలోమీటర్లు
- చెన్నై: 1,370 కిలోమీటర్లు
- విజయవాడ: 1,395 కిలోమీటర్లు
- బెంగళూరు: 1,640 కిలోమీటర్లు
- హైదరాబాద్: 1,660 కిలోమీటర్లు
- ఢిల్లీ: 2,490 కిలోమీటర్లు

పోలిక కోసం మరొక సంఖ్య: మయన్మార్‌లోని యాంగోన్ ఇక్కడికి సుమారు 690 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఉత్తరాంధ్ర పెద్దలు ఒకప్పుడు ‘రంగం’ అని పిలిచి, ఓడలెక్కి కూలికి వెళ్లిన రంగూన్ ఇదే. దీవుల రాజధానికి ఆ పరాయి దేశపు నగరం విశాఖ కన్నా దగ్గర.

విమానానికి ఎంత సమయం పడుతుంది?

జెట్ విమానం ఎత్తుకు చేరాక గంటకు సుమారు 800 కిలోమీటర్లు లేదా అంతకు కొంచెం పైగా వేగంతో సాగుతుంది. అయితే రన్‌వే దాకా నడవడం, పైకి లేవడం, దిగేముందు వేగం తగ్గించడం, దిగిన తరువాత నిలుపుచోటికి చేరడం అన్నీ కలిపి మరో అరగంట వేసుకోవాలి. కాబట్టి కిలోమీటర్లను 800తో భాగించి, అరగంట కలిపితే విమానకాలం ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

ఈ లెక్కన విశాఖకు సుమారు రెండు గంటలు, కోల్‌కతాకు రెండు గంటల పది నిమిషాలు, చెన్నైకి రెండుంబావు గంటలు, హైదరాబాద్‌కు రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది. ఎక్కడా ఆగకుండా ఢిల్లీకి వెళితే మూడున్నర గంటలు దాటుతుంది. విమాన సంస్థలు ప్రకటించే వేళలు దీనికి పది, పదిహేను నిమిషాలు అటూ ఇటూగా ఉంటాయి. గగనతల రద్దీని, గాలులను దృష్టిలో ఉంచుకుని అవి కొంత అదనపు సమయాన్ని కలుపుకుంటాయి.

వెళ్లేటప్పుడు ఒక సమయం, వచ్చేటప్పుడు మరొకటి

ఒకే మార్గంలో వెళ్లడానికి, రావడానికి సమయం వేరువేరుగా ఉండటాన్ని ప్రయాణికులు గమనించే ఉంటారు. దీనికి కారణం పై ఎత్తులలో వీచే గాలులు. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతదేశం, బంగాళాఖాతాల మీదుగా 12 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన వాయుప్రవాహం సాగుతుంది. దీనిని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. భారత వాతావరణ శాఖ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1950లలో దీనిని వివరించారు. తరువాతి కాలంలో ఆయన ఆ శాఖకు అధిపతి అయ్యారు.

జెట్ విమానాలు తిరిగే ఎత్తు ఈ ప్రవాహపు దిగువ అంచులకు దగ్గరగా ఉంటుంది. అందువల్ల జూన్ నుంచి సెప్టెంబరు వరకు ప్రధాన భూభాగం నుంచి దీవులకు వచ్చే విమానానికి గాలి ఎదురవుతుంది, తిరుగు ప్రయాణంలో వెనుక నుంచి తోడ్పడుతుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి గాలులు బలంగా వీస్తాయి. అప్పుడు ఢిల్లీ నుంచి వచ్చే విమానానికి అవే అనుకూలం. విశాఖ మార్గంలో ఈ తేడా సాధారణంగా నిమిషాలలోనే ఉంటుంది. గంటలలో తేడా రావడానికి కారణాలు వేరు.

దగ్గరి ఊరికి దూరపు దారి

అసలు తేడా విమానం వేగంలో లేదు, నేరుగా వెళ్లే విమానం ఉన్నదా లేదా అన్నదానిలో ఉంది. విశాఖకు నేరుగా విమానాలు కొంతకాలం నడవడం, కొంతకాలం నిలిచిపోవడం ప్రయాణికులకు అనుభవమే. నేరు సర్వీసు లేని రోజున షాదీపూర్ వాసి చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్ వంటి పెద్ద కేంద్రాల మీదుగా వెళ్లవలసిందే.

చెన్నై మీదుగా వెళితే మొదట 1,370, అక్కడి నుంచి విశాఖకు మరో 620, మొత్తం 1,990 కిలోమీటర్లు. కోల్‌కతా మీదుగా 2,080 కిలోమీటర్లు. హైదరాబాద్ మీదుగా 2,170 కిలోమీటర్లు. వీటిలో అతి తక్కువైన చెన్నై మార్గం కూడా నేరుదారి కన్నా 60 శాతానికి పైగా ఎక్కువ.

గాలిలో గడిపే సమయం కన్నా నేల మీద వేచి ఉండే సమయం ఎక్కువ కష్టపెడుతుంది. చెన్నై విమానంలో రెండుంబావు గంటలు, అక్కడ తరువాతి విమానం కోసం మూడు నాలుగు గంటలు, విశాఖకు గంటన్నర అనుకుంటే ఏడెనిమిది గంటలవుతుంది. బయలుదేరడానికి రెండు గంటల ముందు విమానాశ్రయానికి చేరడం, విశాఖలో సామాను తీసుకుని బయటపడటం కలిపితే పది గంటలు. శ్రీకాకుళం వెళ్లవలసినవారికి ఆపైన నూరు కిలోమీటర్లకు మించిన రోడ్డు ప్రయాణం. తెల్లవారకముందే లేచి బయలుదేరిన కుటుంబం ఊరు చేరేసరికి రాత్రి అవుతుంది. హైదరాబాద్ నుంచి దుబాయికి దూరం సుమారు 2,550 కిలోమీటర్లు, అంటే విశాఖ దూరానికి రెట్టింపు పైమాటే. నేరు విమానం ఉన్నందున ఆ ప్రయాణం నాలుగు గంటలకు అటూ ఇటూగా ముగుస్తుంది.

విజయనగరం జిల్లా భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు పేరుతో చేపట్టిన అంతర్జాతీయ విమానాశ్రయం ఈ లెక్కలో కొంత మార్పు తెస్తుంది. గగన దూరం దాదాపు అంతే. విశాఖ నగరవాసులకు రోడ్డు దూరం పెరుగుతుంది, విజయనగరం, శ్రీకాకుళం వైపు వెళ్లేవారికి తగ్గుతుంది. దీవుల తెలుగువారిలో ఎక్కువమంది స్వస్థలాలు అటువైపే ఉన్నందున వారికి ఇది గమనించదగిన విషయం.

విమానాశ్రయం: కొత్త టెర్మినల్, పాత పరిమితులు

శ్రీ విజయపురంలో తొలి రన్‌వేను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 నుంచి 1945 వరకు దీవులను ఆక్రమించుకున్న జపాన్ సైన్యం స్థానికులచేత పని చేయించి నిర్మించింది. 2002లో విమానాశ్రయానికి వీర సావర్కర్ పేరు పెట్టారు. సుమారు 710 కోట్ల రూపాయల వ్యయంతో, ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికుల సామర్థ్యంతో నిర్మించిన కొత్త టెర్మినల్‌ను ప్రధానమంత్రి 2023 జూలై 18న ప్రారంభించారు.

టెర్మినల్ పెద్దదైనా ప్రకృతి విధించిన పరిమితులు అలాగే ఉన్నాయి. రన్‌వే పరిసరాలలో ఎత్తైన నేల ఉన్నందున విమానాలు దిగే దిశను, ఎగిరే దిశను ఎంచుకునే స్వేచ్ఛ తక్కువ. గాలి ప్రతికూలమైనా, మేఘాలు కిందికి దిగినా విమానం దిగలేకపోవచ్చు. ప్రధాన భూభాగంలో అలాంటప్పుడు పక్క జిల్లాలోనో, పొరుగు రాష్ట్రంలోనో దిగుతారు. ఇక్కడ చుట్టూ సముద్రమే. విమానం వెనుదిరిగి చెన్నైకో, కోల్‌కతాకో చేరవలసి ఉంటుంది. అందుకు సరిపడే ఇంధనాన్ని బయలుదేరేటప్పుడే నింపుకుంటారు. వెనుదిరిగిన రోజున ప్రయాణికుడు నాలుగైదు గంటలు ఆకాశంలో గడిపి బయలుదేరిన చోటనే దిగుతాడు. వర్షాకాలంలో ఈ మార్గాన వెళ్లేవారు ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోవాలని అనుభవజ్ఞులు చెప్పడం అందుకే.

తుపాను కూడా అదే దారిన

ఈ రెండు తీరాలను కలిపే మార్గంలో విమానాలు, ఓడలతోపాటు తుపానులూ ప్రయాణిస్తాయి. 2014 అక్టోబరు 8 ఉదయం హుద్‌హుద్ తుపాను అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ వద్ద దీవులను దాటింది. అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరాన్ని తాకింది. జెట్ విమానం రెండు గంటలలో దాటే దూరానికి తుపానుకు నాలుగు రోజులు పట్టింది. సగటు వేగం గంటకు సుమారు 12 కిలోమీటర్లు. విశాఖ విమానాశ్రయం తీవ్రంగా దెబ్బతిని కొన్ని రోజులపాటు మూతపడింది.

ఒకే తుపాను నాలుగు రోజుల తేడాతో రెండు తీరాలనూ తాకగలదు. ముందు దీవుల వైపు, ఆపైన కోస్తా వైపు రాకపోకలు నిలిచిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు టికెట్ కొనేవారు అందుకే ఇరువైపులా వాతావరణ సూచనలను చూసుకోవాలి.

ఓడ: చౌక, కానీ నిదానం

ప్రధాన భూభాగానికి వెళ్లే ఓడలు నగరంలోని హద్దో రేవు నుంచి బయలుదేరుతాయి. విశాఖకు సాధారణంగా 56 గంటలు, చెన్నైకి 60 గంటలు, కోల్‌కతాకు 66 గంటల వరకు పడుతుంది. విశాఖ మార్గంలో 660 నాటికల్ మైళ్లకు 56 గంటలంటే సగటు వేగం గంటకు 12 నాటికల్ మైళ్లు. సముద్రం అలజడిగా ఉంటే మరికొన్ని గంటలు కలుస్తాయి.

ద్వీపవాసులకు ఓడ టికెట్లలో రాయితీ ఉంది. సామాను ఎక్కువగా తీసుకుపోవచ్చు. చెన్నై, కోల్‌కతాలకు నెలలో మూడు నాలుగుసార్లు ఓడలు నడుస్తుండగా, విశాఖకు చాలాకాలంగా నెలకు ఒకటే అన్నది రివాజు. ఈ నెల ఓడ నిన్న వెళ్లిపోయి ఉంటే, 56 గంటల ప్రయాణం కోసం నెలరోజులు ఆగాలి. ఓడ ప్రయాణకాలాన్ని లెక్కించేటప్పుడు నిరీక్షణను కూడా కలుపుకోవలసిందే.

గడియారం ఒకటే, సూర్యుడు వేరు

దేశమంతటికీ ప్రామాణిక సమయం ఒకటే కనుక ఈ ప్రయాణంలో గడియారం మార్చుకోనక్కరలేదు. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపంగా పోతుంది. అందువల్ల విశాఖలో గడియారం చూపే వేళ, సూర్యుడు చూపే వేళ దాదాపు ఒకటే. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. 9.5 డిగ్రీల తేడాకు 38 నిమిషాలు. షాదీపూర్‌లో సూర్యుడు విశాఖ కన్నా అంత ముందుగా నడినెత్తికి వస్తాడు. ఉదయాస్తమయాలు కూడా దాదాపు అంతే ముందుగా జరుగుతాయి, రుతువునుబట్టి కొద్ది నిమిషాలు మారుతాయి. దీవులలో సాయంత్రం త్వరగా చీకటి పడటం కొత్తగా వచ్చినవారికి వింతగా తోచడానికి కారణం ఇదే.

కబురు చేరే వేగం, మనిషి చేరే వేగం

చెన్నై నుంచి అండమాన్, నికోబార్ దీవులకు సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. ఇప్పుడు శ్రీకాకుళంలోని మాట షాదీపూర్‌లో క్షణంలో వినిపిస్తుంది, ముఖం కూడా కనిపిస్తుంది. కబురుకు దూరం లేకుండా పోయింది. మనిషికి మాత్రం ఆ 1,225 కిలోమీటర్లు అలాగే ఉన్నాయి.

ఈ తేడా బరువు తెలిసేది ఇంట్లో పెద్దవారు కన్నుమూసినప్పుడు. తెలుగునాట దహన సంస్కారం సాధారణంగా అదే రోజున, లేదా మరునాడు జరుగుతుంది. ఉదయం కబురు అందిన కొడుకు ఆనాడే నేరు విమానం దొరికితే సాయంత్రానికి చేరగలడు. చెన్నై మీదుగా వెళ్లవలసివస్తే ఆ రాత్రికో, మరునాటికో చేరతాడు. ఓడే దిక్కయితే దినకర్మకు అందుకోవడమే భాగ్యం. కొడుకు వచ్చేదాకా ఆగుదామా వద్దా అని అక్కడ బంధువులు తేల్చుకోవలసిన సమయంలో, ఇక్కడ అతడు అడిగేది కిలోమీటర్ల సంఖ్యను కాదు, ఈరోజు విమానం ఉందా అని. విశాఖకు నేరు సర్వీసు క్రమం తప్పకుండా నడవాలని దీవుల తెలుగువారు కోరుకోవడానికి ఇంతకన్నా వేరే వివరణ అక్కరలేదు.

ప్రయాణానికి ముందు గుర్తుంచుకోవలసినవి

- గగన దూరం 1,225 కిలోమీటర్లు, నేరు విమానంలో సుమారు రెండు గంటలు. ఇంటి నుంచి ఇంటికి అయిదారు గంటలు వేసుకోవాలి.
- విమానం మారవలసివస్తే మొత్తం పది నుంచి పన్నెండు గంటలు అనుకోవాలి. రెండు విమానాలనూ ఒకే టికెట్ మీద తీసుకుంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండవదానికి సంస్థ బాధ్యత వహించే అవకాశం ఎక్కువ.
- మధ్యలో నిలిచే సమయం కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోవాలి.
- జూన్ నుంచి డిసెంబరు వరకు పరీక్ష, ఇంటర్వ్యూ, శస్త్రచికిత్స వంటి తేదీ తప్పని పనులకు ఒక రోజు ముందుగానే బయలుదేరడం మేలు.
- ఓడలో విశాఖకు 56 గంటలు. బయలుదేరే తేదీని నౌకాయాన శాఖ ప్రకటన చూసి నిర్ధారించుకోవాలి.
- విమాన వేళలు వేసవి, శీతాకాలపు షెడ్యూళ్లతో ఏటా మార్చి చివర, అక్టోబరు చివర మారుతాయి. పోయినసారి వెళ్లిన విమానం ఈసారి కూడా ఉంటుందని అనుకోకుండా, టికెట్ తీసుకునే ముందు మరొకసారి సరిచూసుకోవాలి.